డికాషన్‌లో వెనీలా: నాలుక పని, ముక్కు పని

ఆళ్లగడ్డకూ కోయిలకుంట్లకూ నడుమ ఉండే దొర్నిపాడులో ఏ టీ అంగడికి పోయి వెనీలా టీ అడిగినా, ఐస్‌క్రీమ్ ఎక్కడ దొరుకుతుందో చెప్పి పంపిస్తారు. కానీ అదే అంగడి బల్ల మీద వరసగా పెట్టిన సీసాలు చూడండి. బటర్ బిస్కెట్లు, కప్పు కేకులు, క్రీమ్ బన్నులు, పైన దండలుగా వేలాడే బిస్కెట్ ప్యాకెట్లు. ఒక ప్యాకెట్ తిప్పి వెనకవైపు సన్న అక్షరాలు చదవండి. గోధుమపిండి, చక్కెర, నూనె, ఉప్పు అన్నీ అయిపోయాక చిట్టచివర ఫ్లేవర్ సంగతి రాసుంటుంది. చాలా ప్యాకెట్ల మీద అక్కడ కనిపించే పేరు వెనీలా. ఆ బిస్కెట్‌ను వేడి టీలో ముంచి నోట్లో వేసుకున్న ప్రతి మనిషీ టీనీ వెనీలానూ జత చేసినట్టే. ఆ జతకు మన ఊళ్లలో పేరు పెట్టలేదు, అంతే.

పెద్ద ఊళ్ల కేఫుల్లో మాత్రం పేరూ ఉంది, ధరా ఉంది. వెనీలా బ్లాక్ టీ అని అందమైన డబ్బాల్లో అమ్ముతారు. దాంట్లో ఉన్నది పాలు కలపని టీ ఆకు, దానికి పట్టించిన వెనీలా వాసన. ఈ రెండింటికీ ఎందుకంత కుదిరిందో తెలుసుకుంటే, మన ఇంటి డికాషన్ గురించి కూడా నాలుగు సంగతులు తెలుస్తాయి. ముందే టూకీగా చెప్తాను: టీలోని వగరును పాలు నాలుక మీద అణుస్తాయి, వెనీలా ముక్కులో అణుస్తుంది. మిగతాదంతా ఈ మాటకు వివరణే.

వగరు దగ్గర మొదలుపెడదాం. నేరేడు పండ్లు తిన్నాక నాలుక గరుకుగా, బుగ్గల లోపల ఎండినట్టుగా అవుతుంది కదా, అదే వగరు. తీపి, పులుపు, చేదు వంటి రుచులకు నాలుక మీద వేరే గ్రాహకాలుంటాయి. వగరు ఆ బాపతు కాదు, అది స్పర్శకు దగ్గరి సంగతి. మన ఉమ్ములో జారుడు గుణమిచ్చే ప్రోటీన్లు ఉంటాయి. టీలోని పాలీఫెనాల్స్, జనం టానిన్లు అనేవి, ఆ ప్రోటీన్లను పట్టుకుని ముద్దగట్టిస్తాయి. జారుడు పోతుంది, నాలుక అంగిలికి రాసుకుంటుంది. ఆ రాపిడినే మనం వగరు అంటాం.

గ్రీన్ టీ అయినా బ్లాక్ టీ అయినా ఒకే మొక్క ఆకు. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, గాలి తగిలేలా పరిస్తే ఆకులోని ఎంజైములు పని మొదలుపెడతాయి. ఆకుపచ్చగా ఉన్నది రాగి రంగుకు తిరుగుతుంది. కాటెకిన్లు అనే పదార్థాలు థియాఫ్లేవిన్లుగా, థియారుబిజిన్లుగా మారతాయి. డికాషన్‌కు ఆ ఎర్రటి మెరుపు, ఆ చురుకు, ఆ వగరు వీటి వల్లే. సరిగ్గా ఆపవలసిన సమయంలో వేడిగాలితో ఆరబెట్టేస్తే బ్లాక్ టీ తయారవుతుంది. మన అంగళ్లలో వాడేది ఎక్కువగా సీటీసీ రకం: ఆకును పళ్ల రోలర్ల మధ్య చీల్చి, నలిపి, గుళికలుగా చుట్టే పద్ధతి. 1930లో అస్సాంలోని ఆమ్‌గూరీ తోటలో విలియం మెకర్చర్ అనే ఆయన ఈ యంత్రాన్ని తెచ్చాడు. గుళిక ఎంత సన్నగా ఉంటే రంగు అంత త్వరగా దిగుతుంది, వగరు కూడా అంతే త్వరగా దిగుతుంది. పాలు పోసే టీకి అది వరం. పాలు పోయని టీకి అదే తలనొప్పి.

ఎందుకంటే మన అంగడి టీ తయారయ్యే తీరే వేరు. ఒక పొయ్యి మీద అల్యూమినియం గిన్నెలో డికాషన్ మరుగుతూనే ఉంటుంది, ఇంకో పొయ్యి మీద పాలు. అంగడి మనిషి గుడ్డ ఫిల్టర్లోంచి డికాషన్ వంచి, పైన పాలు పోసి, చక్కెర కొట్టి, ఎత్తు నుంచి తిరగబోసి ఇస్తాడు. ఆ డికాషన్ ఒక్కటే గుక్కెడు తాగి చూస్తే మొహం ముడుచుకుపోతుంది. పాలలో ఉండే కేసీన్ అనే ప్రోటీన్ టానిన్లకు ఎదురుపోయి పట్టుకుంటుంది. మన ఉమ్ములోని ప్రోటీన్లను పట్టుకోవడానికి టానిన్లకు తీరిక ఉండదు. కాబట్టి వగరు తగ్గుతుంది. పాలు టీని తెల్లగా చేయడమే కాదు, నాలుకకు అడ్డం పడి కాపాడుతున్నాయన్నమాట. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాక పాల టీ హాయిగా అనిపించడానికీ ఈ కేసీనే కారణం. మిరపకాయలోని మంట పదార్థాన్ని కూడా అది లాక్కుంటుంది.

మరి వెనీలా చేసేదేమిటి? చిన్న పరీక్ష ఉంది, ఇంట్లో చేసి చూడవచ్చు. చక్కెర వేయని పలచటి డికాషన్ గ్లాసులో రెండు చుక్కలు వెనీలా ఎసెన్స్ వేసి కలపండి. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగండి. వగరు ఉంటుంది, కాస్త చేదు ఉంటుంది, వెనీలా జాడే ఉండదు. ఇప్పుడు గుక్క నోట్లో ఉండగానే ముక్కు వదలండి. ఒక్కసారిగా నోరంతా వెనీలా నిండుతుంది, టీ తియ్యగా మారినట్టు అనిపిస్తుంది. గ్లాసులో చక్కెర లేదు. నాలుక మీద ఏమీ మారలేదు. మారింది గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కిన వాసన మాత్రమే.

వాసనకు తీపి ఎక్కడిది? అలవాటు వల్ల వచ్చింది. వెనీలా వాసన మనకు పుట్టినప్పటి నుంచీ ఎప్పుడు తగిలింది? ఐస్‌క్రీమ్‌లో, కేకులో, కస్టర్డులో, బిస్కెట్లో. ఎప్పుడూ చక్కెరతో కలిసే తగిలింది. ఎన్నో ఏళ్లుగా జంటగా వచ్చినవాటిలో ఒకటి కనబడితే మెదడు రెండోదాన్ని కూడా లెక్కలో వేసుకుంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని పదేపదే పరీక్షించి చూశారు. అదే పాళ్లలో చక్కెర ఉన్న పానీయంలో వెనీలా వాసన చేరిస్తే, తాగేవాళ్లు ఎక్కువ తీపిగా ఉందంటారు. తీపి ఎక్కువైతే చేదు, వగరు వెనక్కు తగ్గినట్టు తోస్తాయి. అంటే పాలు టానిన్లను కట్టేస్తే, వెనీలా మన తీర్పునే మార్చేస్తుంది.

ఈ రెండు పనులూ తెలిస్తే ఒక చిక్కు కూడా విడిపోతుంది. మామూలు పాల టీలో వెనీలా చుక్కలు వేసి, ఏమీ తేలలేదే అని పెదవి విరిచేవాళ్లు చాలామంది. తేలదు మరి. పాల ప్రోటీన్లు టానిన్లనే కాదు, వెనీలాలోని ముఖ్య వాసన పదార్థమైన వెనిలిన్‌ను కూడా పట్టుకుంటాయి, వాసనను పైకి రానివ్వవు. పైగా మన పాల టీలో అల్లం, యాలకులు ఉంటాయి. యాలకుల్లో సినియోల్ అనే చల్లటి ఘాటు వాసన ఉంది, అది పాల కొవ్వును చీల్చుకుని వస్తుంది. అల్లం నాలుకనే కాలుస్తుంది. ఈ ఇద్దరు గట్టిగొంతు వాళ్ల మధ్య వెనీలా మాట వినబడదు. పాల టీకి యాలకులే సరి అని నా అభిప్రాయం, దాన్ని కదిలించనక్కరలేదు. వెనీలా చోటు నల్ల టీలోనే.

నల్ల టీ వాసనలకూ వెనీలాకూ ముందే చుట్టరికం ఉందన్న సంగతి కూడా చెప్పుకోవాలి. బ్లాక్ టీ వాసనలో వందల పదార్థాలున్నాయి. పూల వాసననిచ్చే లినలూల్, గులాబీని తలపించే జెరానియోల్, తేనె వాసనవి కొన్ని, వేయించిన గింజల వాసనవి కొన్ని. ఇసుమంత వెనిలిన్ కూడా సహజంగానే ఉంటుంది. అందుకే వెనీలా కలిపితే బయటి నుంచి తెచ్చి అతికించినట్టుండదు. అస్సాం టీల్లో మాల్ట్ వాసన బరువుగా ఉంటుంది, దానికి వెనీలా బాగా అతుకుతుంది. నీలగిరి ఆకు టీ తేలికగా, పూలవాసనగా ఉంటుంది. దానికి వెనీలా చాలా కొంచెం చాలు, ఎక్కువైతే టీ వాసనే చచ్చిపోతుంది.

ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక ఇబ్బంది ఉంది. అది నీళ్లు. భూగర్భ శాస్త్రవేత్తలు కుందూ లోయ కింది రాళ్ల పొరలకు మన ఊళ్ల పేర్లే పెట్టారు: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నర్జీ సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. మొత్తం కలిపి కర్నూలు గ్రూపు అంటారు. నంద్యాల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలసింది ఈ సున్నపురాయిని చూసుకునే. సున్నపురాయిలోంచి ఊరి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టడం, సబ్బు నురగ రాకపోవడం మన ఆడవాళ్లకు కొత్త సంగతి కాదు.

ఆ నీళ్లతో నల్ల టీ కాస్తే రంగు మట్టిగా, మసకగా తిరుగుతుంది. గ్లాసు పైన సన్నటి మీగడలాంటి పొర తేలి, అంచుకు అంటుకుంటుంది. అది నూనె కాదు, కల్తీ కాదు. నీటిలోని కాల్షియం బైకార్బనేటు, టీలోని పాలీఫెనాల్స్, గాలిలోని ఆక్సిజన్ కలిసి కట్టే పొర. వాసనలూ మొద్దుబారతాయి. పాల టీలో ఇదంతా కనబడదు, నల్ల టీలో దాగదు. అందుకే వెనీలా టీ చేసి చూడాలనుకుంటే క్యాను నీళ్లు వాడండి. ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల క్యాను ఇప్పుడు పల్లెల్లో కూడా గుమ్మంలోకి వస్తోంది. బోరు నీళ్లు తప్పకపోతే నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే పొర విరిగిపోతుంది, రంగూ తేటపడుతుంది.

ఇక వెనీలా సంగతి. దాని పుట్టుక మెక్సికో. ఆర్కిడ్ జాతి తీగ, చెట్టును పట్టుకుని పాకుతుంది. అక్కడి టోటోనాకులు దాన్ని ఎరుగుదురు, ఆజ్‌టెక్కులు కోకో గింజల పానీయంలో కలుపుకునేవారు. స్పెయిన్ వాళ్ల ద్వారా యూరప్‌కు పోయింది. తీగను తెచ్చి వేరే దేశాల్లో నాటితే పెరిగింది, పూసింది, కాయలేదు. పువ్వులో మగభాగానికీ ఆడభాగానికీ మధ్య ఒక పొర అడ్డంగా ఉంటుంది, తనంతట తాను ఫలదీకరణ జరగదు. 1836లో బెల్జియంలో షార్ల్ మొరెన్ అనే శాస్త్రవేత్త చేత్తో ఫలదీకరణ చేసి కాయ కాయించాడు గానీ ఆ పద్ధతి తోటల దాకా రాలేదు. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లవాడు సన్నటి పుల్లతో ఆ పొరను ఎత్తి, బొటనవేలితో పుప్పొడిని నొక్కే ఉపాయం కనిపెట్టాడు. ఇవాళ్టికీ ప్రపంచంలో వెనీలా తోటలన్నింటా దాదాపు అదే పద్ధతి. ఒక పువ్వు విచ్చుకునేది ఒక్క పూట. ఆ పొద్దున చెయ్యి పడకపోతే రాలిపోతుంది. ఆ పిల్లవాడి చేతి నేర్పుతో కోట్లు గడించిన వ్యాపారం నడిచింది, అతను మాత్రం 1880లో పేదవాడిగానే పోయాడు.

పచ్చి వెనీలా కాయకు వాసన ఉండదు. ఈ మాట చాలామంది నమ్మరు. తీగ మీద ఎనిమిది, తొమ్మిది నెలలు పండాక కోసి, అరవై అయిదు డిగ్రీలకు దగ్గరి వేడినీళ్లలో కాసేపు ముంచుతారు. తర్వాత కంబళ్లలో చుట్టి చెమట పట్టిస్తారు, పగలు ఎండ, రాత్రి మూట. ఆ తర్వాత నీడన నెలల తరబడి ఆరబెట్టి, పెట్టెల్లో మాగబెడతారు. ఈ మాగుడులోనే కాయలోని ఎంజైము గ్లూకోజుతో కట్టుబడి ఉన్న వెనిలిన్‌ను విడిపిస్తుంది. ఐదారు కిలోల పచ్చికాయకు ఒక కిలో నల్లటి, మెత్తటి, జిడ్డుగా మెరిసే కాయ దక్కుతుంది. అందులో వెనిలిన్ రెండు శాతం దరిదాపుల్లో. మిగతా రెండు వందలకు పైగా వాసన పదార్థాలు కలిసి దానికి లోతు తెస్తాయి. సుగంధ ద్రవ్యాల్లో కుంకుమపువ్వు తర్వాత అంత ఖరీదైనది ఇదే.

మన రైతులకు ఈ పంట ఆశ పెట్టి ఏడిపించిన కథ కూడా ఉంది. 2000 ఏప్రిల్‌లో హుడా తుపాను మడగాస్కర్ తోటలను ఊడ్చేసింది. ప్రపంచంలో ఎక్కువ వెనీలా ఆ దేశానిదే. ధర ఆకాశానికెక్కింది. కేరళ, కర్ణాటక రైతులు కొబ్బరి, వక్క, కాఫీ తోటల్లో వెనీలా తీగలు పాకించారు. 2003 ప్రాంతంలో పచ్చికాయ కిలో మూడు వేల రూపాయలు దాటింది, తోటలకు రాత్రిళ్లు కాపలా కాశారు. రెండేళ్లు తిరక్కుండానే మడగాస్కర్ కోలుకుంది, పెద్ద కంపెనీలు కృత్రిమ వెనీలాకు మళ్లాయి, ధర కుప్పకూలింది. దొర్నిపాడులో వేసుకోవచ్చా అని అడిగేవాళ్లుంటే, వద్దు అనే చెప్తాను. దానికి నీడ, తేమ, ఏడాదికి కనీసం పదిహేను వందల మిల్లీమీటర్ల వాన కావాలి. మనకు పడేది అందులో సగం అటూ ఇటూ. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే దాని వేరు కుళ్లిపోతుంది.

అసలు కాయ అంత పిరమైతే, పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్లోకి వెనీలా ఎలా వచ్చింది? 1858లో ఫ్రాన్సులో గొబ్లే అనే ఫార్మసిస్టు వెనీలాలోంచి వెనిలిన్‌ను వేరుచేశాడు. 1874లో జర్మనీలో టీమాన్, హార్మాన్ దాన్ని పైన్ చెట్టు రసంలోని పదార్థం నుంచి తయారు చేశారు. తర్వాత కాగితం మిల్లుల వ్యర్థాల్లోని లిగ్నిన్ నుంచి, ఇప్పుడు ఎక్కువగా పెట్రోలియం నుంచి వచ్చే గుయాకోల్ నుంచి చేస్తున్నారు. పాత పుస్తకం తెరిస్తే వచ్చే ఆ తియ్యటి వాసనలో కూడా కాగితంలోని లిగ్నిన్ విరిగి పుట్టిన వెనిలిన్ పాలు ఉంది. ప్రపంచం వాడే వెనీలా వాసనలో కాయ నుంచి వచ్చేది నూటికి ఒక పాలు కూడా ఉండదు. వడ్లు పండించే నంద్యాల జిల్లా పాఠకులకు ఇంకో ముక్క: బియ్యం తవుడులో ఫెరూలిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని సూక్ష్మజీవుల చేత పులియబెట్టించి వెనిలిన్‌గా మార్చి, సహజ వెనిలిన్ అన్న పేరుతో బాగా ఎక్కువ ధరకు అమ్ముతున్నారు.

కిరాణా అంగట్లో దొరికే చిన్న సీసా ఎసెన్స్ కృత్రిమ వెనిలిన్‌దే. కొన్నింట్లో ఇథైల్ వెనిలిన్ కూడా ఉంటుంది, అది వెనిలిన్‌కు మూడింతల ఘాటు. వంటకు వాడే పాళ్లలో వీటితో భయపడాల్సింది లేదు. రుచిలో తేడా ఉందా అంటే ఉంది. కానీ బాగా తీసిన డికాషన్‌లో రెండు చుక్కల దగ్గర ఆ తేడా పట్టుకోవడం అంత తేలిక కాదు. టీకే ఎన్నో వాసనలున్నాయి, ఎసెన్స్‌లో లేని లోతును అవి కొంత పూడుస్తాయి. కాయను కొనలేకపోయామని దిగులుపడకండి.

తెలుగువాళ్లు వెనీలా టీని ఇంటి టీగా తాగే చోటు నిజంగానే ఒకటుంది. మన దగ్గర కాదు, మారిషస్‌లో. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల కూలీకి మన కోస్తా జనాన్ని ఓడలెక్కించారు. 1843లో కోరంగి రేవు నుంచి బయల్దేరిన ఓడను అక్కడి తెలుగువాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. ఆ దేశపు దక్షిణాన బ్వా షెరీ అనే టీ తోట 1892 నాటిది. వెనీలా కలిపిన దాని నల్ల టీ ఆ దేశమంతటికీ ఇంటి టీ. హిందువులు, ముస్లిములు, క్రియోల్ జనం, చైనా వాళ్లు, అందులో తెలుగువాళ్లు కూడా, పొద్దున లేచి పెట్టుకునేది అదే. పక్కనే రీయూనియన్, ఆ పైన మడగాస్కర్, చుట్టూ వెనీలా దీవులే కాబట్టి టీలోకి వెనీలా రావడంలో వింత లేదు.

కానీ వాళ్లలో చాలామంది దాన్ని పాలు, చక్కెర వేసుకునే తాగుతారు. మరి పాలు వెనీలాను మింగేస్తాయన్నారే అని మీరు నిలదీయవచ్చు. అక్కడ ఆకుకే వెనీలా వాసన బాగా పట్టించి ఉంటుంది, డికాషన్‌లోనే అది నిండుగా దిగుతుంది. అల్లం, యాలకుల పోటీ లేదు. మన అంగళ్లలోలా సగం గ్లాసు చిక్కటి పాలు పోసి మరిగించడమూ లేదు. డికాషన్ ముందు, పాలు వెనక. పాలు పోసి తీరాలనుకునేవాళ్లు ఆ దారి పట్టవచ్చు: రెండు చెంచాల పాలకు మించనివ్వకుండా, వెనీలాను రెట్టింపు చేసుకుంటూ.

ఇప్పుడు ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. వెనీలా మెక్సికోది, మన మట్టికి సంబంధం లేదు అనుకుంటాం. ఎండాకాలం ఆళ్లగడ్డ, నంద్యాల బండ్ల మీద నన్నారి సోడా తాగని వాళ్లుంటారా? గ్లాసులో ముదురు గోధుమ రంగు పాకం, పైన నానిన సబ్జా గింజలు, నిమ్మకాయ పిండి, సోడా కొడితే పొంగి వచ్చే ఆ వాసన. అది సుగంధిపాల వేరుది. బజారు నన్నారిలో చాలామటుకు దానికి దాయాది అయిన మారేడు కొమ్ముల వేరును కూడా వాడతారు. ఈ రెండు వేర్ల వాసనకూ మూలమైన పదార్థం పేరు 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. వెనిలిన్ పేరు 4-హైడ్రాక్సీ-3-మిథాక్సీ బెంజాల్డిహైడ్. పేర్లలో అంకెలు తప్ప తేడా కనబడుతోందా? రెండింటిలోనూ ఎనిమిది కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, మూడు ఆక్సిజన్లు. అవే ముక్కలు, వలయం మీద తగిలించిన చోట్లు మాత్రం వేరు. మారేడు కొమ్ముల వేరు తైలాన్ని విశ్లేషించినప్పుడు అందులో అత్యధిక భాగం ఈ ఒక్క పదార్థమే తేలింది.

అంటే సీమకు తన సొంత వెనీలా ఉంది. వెనీలా కాయలా ఇది మెత్తటి తీపి కాదు. కాస్త మట్టి వాసన, కాస్త మందు వాసన, చల్లదనం కలిసి ఉంటాయి. కానీ మన మెదడు వెనీలాను తీపితో ముడిపెట్టుకున్నట్టే నన్నారిని కూడా చిన్ననాటి నుంచి చక్కెర పాకంతోనే ముడిపెట్టుకుంది. ముక్కు చేసే పని రెండింటితోనూ ఒకటే. వగరు మీద నన్నారి వేస్తే వగరు వెనక్కు జరుగుతుంది. ఎండాకాలం చల్లటి టీకి వెనీలా కన్నా నన్నారే నాకు బాగా నచ్చుతుంది, ఇది ఊరి అభిమానం అని మీరు కొట్టిపారేసినా సరే.

మారేడు కొమ్ముల గురించి ఒక హెచ్చరిక అవసరం. నల్లమల, శేషాచలం అడవుల్లో గిరిజనులు తవ్వి తెచ్చే వేరు ఇది. వేరు మొత్తం తవ్వితే మొక్క పోతుంది. గిరాకీ పెరిగి, అడవిలో ఇది అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాకు ఎక్కింది. కాబట్టి సీసా కొనేటప్పుడు రంగు, ఎసెన్స్, చక్కెర పాకం మాత్రమే ఉన్నదాన్నీ, నిజంగా వేరు కాచి తీసినదాన్నీ తేడా చూసి కొనండి. గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, అమ్మే నన్నారి షర్బత్ దొరికితే అది మంచి ఎంపిక. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి ఆ సంస్థ గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటోంది.

చేసే పద్ధతి. వేడి టీకి: ఒక గ్లాసు క్యాను నీళ్లు మరిగించి పొయ్యి కట్టేయండి. ఒక టీస్పూను ఆకు టీ వేసి మూత పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఉంచండి, పొడి టీ అయితే రెండు నిమిషాలు చాలు. పొయ్యి మీద మరిగించకూడదు. మన చేతికి మరిగించే అలవాటు ఎంతగా పట్టిందంటే, ఈ ఒక్క దగ్గరే చాలామంది ప్రయత్నం చెడుతుంది. వడగట్టి, గ్లాసులో పోశాకే రెండు చుక్కల వెనీలా వేయండి. మరిగే డికాషన్‌లో వేస్తే ఎసెన్స్ ఆవిరితో పోయే వాసన మీ వంటింటికి దక్కుతుంది, మీకు కాదు. చక్కెర మామూలుగా వేసేదాంట్లో సగం వేసి, తాగి చూశాక అవసరమైతేనే ఇంకొంచెం వేసుకోండి. బెల్లం వద్దు, దాని వాసన వెనీలాను తొక్కేస్తుంది. అసలు కాయ ఎవరైనా తెచ్చిచ్చి ఉంటే, దాన్ని నిలువునా చీల్చి సగం ముక్క ఆకు టీ డబ్బాలో పడేసి, మూత గట్టిగా బిగించి రెండు వారాలు ఉంచండి. టీ ఆకు పక్కవాసనను ఇట్టే పీల్చుకుంటుంది. అగరుబత్తీల పక్కన టీ డబ్బా పెట్టకూడదనేది కూడా అందుకే.

చల్లటి టీకి: ఆకు రెట్టింపు వేసి, అదే నాలుగు నిమిషాలు నానబెట్టి, చిక్కటి డికాషన్ తీసి చల్లారనివ్వండి. వేడిగా ఉండగానే ఫ్రిజ్‌లో పెడితే మబ్బుగా తిరుగుతుంది. కెఫీన్, పాలీఫెనాల్స్ చలికి ముద్దకట్టడం అది. తాగితే నష్టం లేదు, చూపుకే బాగుండదు. గ్లాసులో ఐసు వేసి, రెండు చెంచాల నన్నారి పాకం, పైన డికాషన్, చివర్లో నిమ్మకాయ పిండాలి. నిమ్మరసం పడగానే ముదురు రంగు తేనె రంగుకు తిరగడం పిల్లలకు చూపించండి. నన్నారి పాకంలో చక్కెర బోలెడుంది కాబట్టి వేరే చక్కెర అక్కరలేదు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు, వాళ్లకు చక్కెర లేకుండా వెనీలా వేసిన వేడి డికాషనే మేలు.

రక్తహీనత ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, అన్నం తిన్న వెంటనే ఏ టీ తాగినా టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. వెనీలా వేసినా టానిన్లు ఎక్కడికీ పోవు, వగరు తెలియకుండా పోతుందంతే. కాబట్టి అన్నానికీ టీకీ మధ్య కనీసం ఒక గంట ఎడం ఉంచండి.